పిన్ని వేసిన మేత చేపలు

పిల్లచేపల పిన్ని అంటే ఆ చుట్టుపక్కల చెరువులున్న వాళ్ళందరికీ గురి. ఇంటి వెనుక సిమెంటు తొట్లలో ఆవిడ పెంచేది వేలెడంత కూడా ఎదగని చేపలను. వాటిని ఎవరూ వండుకోరు, ఎవరూ గాలం వేసి పట్టరు. పుట్టడం, పిల్లల్ని పెట్టడం, పెద్ద చేపల నోట్లో పడడం, అంతే వాటి బతుకు. కొత్తగా చెరువు తవ్వించినవాడు ఎంతటివాడైనా ముందు మేత చేపల కోసం పిన్ని గుమ్మం తొక్కాల్సిందే. ఇంట్లో పొయ్యి వెలిగించకుండా చుట్టాలను భోజనానికి పిలుస్తారా అని ఆవిడ అడిగేది. ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు.

తొందరపెట్టేవాళ్ళ ముందు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. చెరువు దగ్గరికి వెళ్ళగానే మోచేతి దాకా చెయ్యి ముంచేది. అరచెయ్యి తేటగా కనబడిందా, నీళ్ళకు ఇంకా పచ్చదనం పట్టలేదని, చేపలకు తిండి దొరకదని చెప్పి డబ్బాలతో సహా తిరిగొచ్చేసేది. ఆవిడ చేత్తో చేపలు వేసిన చెరువు ఒక్కటీ వట్టిపోలేదు. ఆ పేరే ఆవిడ ఆస్తి. దాన్ని చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేది. ఉండనివ్వండి, దొంగ వినయం కన్నా అదే నయం.

ఆవిడ అన్నయ్య బస్సు డ్రైవరు. చూపు మందగించి స్టీరింగు వదిలేసిన రోజునే మాట కూడా వదిలేశాడు. ఇంజను మోతను మించిన గొంతుతో బస్సు నిండా జనాన్ని నవ్వించిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరించడానికి ఎవరైనా వస్తే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఇంట్లోవాళ్ళతో కూడా అవును, కాదు తప్ప మూడో మాట లేదు. వదిన చెప్పి చూసింది, ఏడ్చి చూసింది, చివరికి ఆడపడుచు దగ్గరికి వచ్చి ఈ మనిషి నాకు దక్కడేమో అంది.

పిన్నికి తెలిసిన వైద్యం ఒక్కటే. అన్నయ్య ఇంటి వెనుక, ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తీసి వదిలేసిన గొయ్యి ఉంది. దాన్ని చెరువు చేయిద్దామంది. అన్నయ్య ఉలకలేదు, పలకలేదు. కానీ తవ్వే యంత్రం వచ్చిన రోజు చెప్పులేసుకుని గట్టు మీదికి వచ్చాడు. నీళ్ళు నిండకముందే వెళ్ళి గాలం కర్ర కొనుక్కొచ్చాడు. ఆలు లేదు, చూలు లేదు అంటూ వదిన పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

నీళ్ళు కుదిరాక పిన్ని చేపలు తెచ్చింది. గుడ్లు పెట్టుకోవడానికి ఒడ్డు వెంబడి లోతు తక్కువ చోట పగిలిన పెంకులు బోర్లించింది. డబ్బాల్ని చెరువులో తేలనిచ్చి, చెంబుతో కొద్దికొద్దిగా చెరువు నీళ్ళు కలిపి, చేపలు తమంతట తాము ఈదిపోయేలా మెల్లగా వంచింది. ఇవి పిల్లల్ని పెట్టి చెరువంతా నిండాకే పెద్ద చేపలు వస్తాయని చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివర్న చెప్పింది.

"వీటికి నీ చేత్తో తిండి పెట్టకు అన్నయ్యా. మనిషి అలికిడికి ఒడ్డుకు రావడం అలవాటైతే, పెద్ద చేపలకు మనమే వడ్డించినట్టు."

ఆయన తల ఊపాడు. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఎండలు పోయి వానలు పడ్డాక పిన్ని పెద్ద చేపలను వ్యానులో వేసుకుని వచ్చింది. వాటిని ఇంటి ముందే ఉంచి వెనక్కి నడిచింది. అన్నయ్య గట్టు దిగుతున్నాడు. ఆయన అడుగు పడీ పడగానే ఒడ్డు నీళ్ళు కుతకుతలాడాయి. చెరువులో ఉన్న చేపలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కుతూ ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చేశాయి. ఆయన జేబులోంచి రొట్టె ముక్కలు తీసి నలిపి చల్లుతూ, వెనకటి గొంతుతో అంటున్నాడు.

"తోసుకోకండి, తోసుకోకండి. లోపలికి జరగండి బాబూ, వెనకంతా ఖాళీయే."

పిన్ని అక్కడే ఆగిపోయింది. ఒళ్ళు మండింది. చెప్పిందేమిటి, ఈయన చేసిందేమిటి? ఇప్పుడు పెద్ద చేపలు వదిలితే ఆయన కళ్ళముందే, ఆయన కాళ్ళ దగ్గరే ఈ చిన్నవన్నీ మేతైపోతాయి. మచ్చిక మాన్పించాలంటే ఆయన్ని గట్టుకు దూరంగా, ఆ గదిలోనే ఉంచాలి. ఆ గది తలుచుకోగానే కోపం నీరుగారిపోయింది.

ఆవిడ దగ్గరికి వచ్చి, కొంగు దోపి, మోచేతి దాకా చెయ్యి ముంచింది. ఎంత పచ్చదనం ఉండాలో అంతా ఉంది. చెయ్యి తుడుచుకుంటూ, నీళ్ళు ఇంకా కుదరలేదు, పెద్ద చేపలు వద్దులే అంది. వ్యానును కలప అడితి యజమాని చెరువుకు పంపించేసింది.

ఊరు ఊరుకుంటుందా? పిన్ని చెయ్యి తప్పిందన్నారు. సొంత అన్న చెరువునే చెడగొట్టుకుందన్నారు. అడిగినవాళ్ళకు ఆవిడ అవునండీ, ఈసారి తప్పింది అని చెప్పేది. ఆ మాట గొంతులో ముల్లులా దిగుతున్నా చెప్పేది. ఇలాంటి మనుషులు ఎక్కడో గానీ ఉండరు.

ఒకరోజు అడితి యజమాని మరో ఇద్దరితో తొట్ల దగ్గరికి వచ్చి, రెండో చెరువు తవ్విస్తున్నాను గానీ నీ చేపలు వేయించాలంటే భయంగా ఉంది పిన్నీ అన్నాడు. ఆవిడ తల వంచుకుని వల ఉతుకుతోంది. ఖాళీ డబ్బాలు తిరిగివ్వడానికి వచ్చిన అన్నయ్య అప్పటికే గోడ చాటున నిలబడి ఉన్నాడు. మనుషుల్ని చూసి వెనక్కి తిరగాల్సినవాడు డబ్బాలు కింద పెట్టి ముందుకు వచ్చాడు.

"చెరువు బంగారంలా ఉందయ్యా. చెడగొట్టింది నేను. వద్దంటే వినకుండా తిండి పెట్టి, పిలిస్తే వచ్చేలా మచ్చిక చేసుకున్నా. నా కోసం మా చెల్లి తన పేరు పోగొట్టుకుంటోంది."

బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతది. అడితి యజమాని మెల్లగా, పిలిస్తే చేపలు నిజంగా వస్తాయా అని అడిగాడు.

"రండి, చూపిస్తా" అని అన్నయ్య ముందు నడిచాడు. ముగ్గురూ ఆయన వెంట వెళ్ళారు. ఆయన దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. పిన్ని తొట్టి గట్టు మీద కూలబడి, తడి వల ఒళ్ళో పెట్టుకుని, ఆ గొంతు వినబడినంతసేపూ ఏడ్చింది.