బతుకమ్మ ఆడినందుకు చర్చిలో విచారణ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఇంటర్ చదివే మా అమ్మాయి తొర్రూరు నడిరోడ్డుమీద బతుకమ్మ ఆడింది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు ఆమెను అందరిముందు నిలబెట్టాడు.

"విగ్రహారాధన చేసినవు బిడ్డా. తప్పు ఒప్పుకుంటేనే నీకు ప్రభువు బల్ల," అన్నాడు.

"పూలకు మొక్కలేదు అయ్యగారూ, రాష్ట్రం కోసం ఆడినం. అండ్ల తప్పేంది?" అంది అమ్మాయి.

భార్యకు తోడుగా వచ్చి వెనక కూర్చున్న నాస్తికుణ్ణి నేను. ఉండబట్టలేక లేచాను. "పిల్ల అడిగినదానికి జవాబు చెప్పు పాస్టరూ!"

"బాపూ, నువ్వు కూసో. గిది నా సంఘం. నేనే మాట్లాడుకుంట," అంది అమ్మాయి.

తప్పు ఒప్పుకోలేదు. ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఆమెను దాటిపోయాయి. అయినా కళ్లు తుడుచుకుంటూ చివరి ప్రార్థనదాకా అక్కడే కూర్చుంది.

ప్రశ్నకు జవాబివ్వని సంఘం పిల్లల్ని విశ్వాసంలో ఎలా పెంచుతుంది? అడుగుదామంటే, అది అడగాల్సింది నేను కాదని మా అమ్మాయి అప్పటికే చెప్పేసింది.