జులైలోనూ చల్లారని గొట్టం

జులై పదహారు, మంగళవారం, బయట ముప్పై ఆరు డిగ్రీల ఎండ కాస్తుండగా, ఇళ్లు అద్దెకిచ్చే సంస్థ పంపిన మరమ్మతు మనిషి బెరిల్ ఆష్‌వర్త్ ఫ్లాటుకు వెళ్లే వేడినీటి గొట్టం వేడిని తగ్గించడానికి బదులు పెంచి వెళ్లాడు. మరునాటి మధ్యాహ్నం ఆమె భర్త క్లిఫర్డ్‌ను స్ట్రెచర్ మీద ఆసుపత్రికి తీసుకుపోయారు.

బెరిల్‌కు డెబ్భై నాలుగేళ్లు. మా హార్‌బెక్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లపాటు పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిపెట్టింది. క్లిఫర్డ్ రాతిగనిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్నాడు. చెమ్మ గోడల మధ్య అతని దగ్గు తగ్గదని డాక్టరు చెప్పినందున, ఎండ పడే దక్షిణపు కిటికీలున్న ఫ్లాటు కోసం ఇద్దరూ తొమ్మిదేళ్లు ఎదురుచూశారు. ఏడాదిలో సగం రోజులు వాన కురిసే కొండ ఊరు మాది. ఇక్కడ ఎండ అంటే బహుమానం. ఎనిమిదో అంతస్తులో ఆ బహుమానం దొరికిన రోజున బెరిల్ కిటికీ ముందు కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా లేవలేదట.

నీళ్లు కాగడానికైనా, చలికాలం ఇళ్లు వెచ్చబడడానికైనా ఆ భవనానికంతటికీ నేలమాళిగలో ఒకటే బాయిలరు. దాని గొట్టం ప్రతి ఫ్లాటు నడవా కిందుగా సాగుతుంది. దాన్ని కట్టేసే మర ఇంట్లో లేదు. మెట్ల దగ్గరి బీరువాలో ఉంది. బీరువా తాళం సంస్థ దగ్గర ఉంది. వేసవిలోనూ గొట్టం కాగుతూనే ఉంటుంది. మామూలు వేసవిలో ఎవరూ పట్టించుకోరు, దాని మీద మేజోళ్లు ఆరేసుకుంటారు. ఇక కిటికీలంటారా, నాలుగు వేళ్ల సందు మించి తెరుచుకోకుండా సంస్థే మేకులు బిగించింది.

సోమవారం నాడు బెరిల్ తనకు తోచినవన్నీ చేసింది. తడి తువ్వాలు అతని మెడకు చుట్టింది. గిన్నెలు కడిగే తొట్టిలో చన్నీళ్లు పోసి అతని పాదాలు పెట్టించింది. గడ్డకట్టిన బఠాణీల పొట్లాన్ని గుండెల మీద ఉంచింది. తెరలు మాత్రం మూయలేదు. మా వైపు పట్టపగలు తెరలు మూశారంటే ఆ ఇంట్లో శవం ఉన్నట్టు. రెండు గంటలకు ఇక తాళలేక మూసేసింది. అరగంటలో కింది అంతస్తు గ్లెనిస్ కేకు పళ్లెంతో వచ్చి తలుపు తట్టింది.

“ఎప్పుడు పోయాడే?”

“ఎవరు?”

“మీ ఆయనే. బస్సు దిగుతూ చూశాను, తెరలు మూసున్నాయి.”

లోపల్నుంచి క్లిఫర్డ్ గొంతు వినిపించింది. “ఇంకా పోలేదు గ్లెనిస్. కేకు మాత్రం అక్కడ పెట్టి వెళ్లు.”

“బతికున్నోడికి సగం చాల్లే,” అంటూ గ్లెనిస్ నిజంగానే సగం కోసుకుపోయింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే ఆఖరు.

తెరలు మూసినా గది ముప్పై ఏడు దాటింది. నడవాలో తివాచీ మీద కూడా ఒట్టి పాదం ఆనలేదు. బెరిల్ సంస్థకు ఫోను చేసి నలభై నిమిషాలు వేచి ఉంది. చివరికి కెర్రీ అనే అమ్మాయి పలికింది.

“వేడి అసలే రావట్లేదా అమ్మా, తక్కువగా వస్తోందా?”

“ఎక్కువైపోయింది తల్లీ. ఆ గొట్టం కట్టేయించు.”

“ఎక్కువ అనే గడి ఈ కంప్యూటరు ఫారంలో లేదమ్మా. ఉన్నవి ఆ రెండే. ఏదో ఒకటి నొక్కకపోతే ఫిర్యాదే ఎక్కదు.”

“నీకు తెలిసినట్టు చెయ్యి. ఆయనకు ఊపిరి ఆడట్లేదు.”

“తక్కువ అని నొక్కి, కింద సంగతంతా రాస్తాను. వచ్చే ఆయన చదువుకుంటాడు.”

కెర్రీ సంగతంతా రాసింది. ఈ పత్రిక తరఫున అడిగి ఆ రాత చూశాను, అందులో ఒక్క తప్పు లేదు. అయితే మరమ్మతు మనిషి ఫోనుకు ఆ రాత చేరదు, నొక్కిన గడి మాత్రమే చేరుతుంది. మంగళవారం అతను వచ్చి బీరువా తెరిచి, మర పైకి తిప్పి, తాళం వేసి, అప్పుడు తలుపు తట్టాడు.

“సరిచేశానమ్మా. ఇక్కడో సంతకం.”

“చల్లగా ఉండు నాయనా,” అని బెరిల్ తడి చేత్తోనే సంతకం పెట్టింది. “ఇంత ఎండలో ఎలా తిరుగుతున్నావో ఏమో. మంచినీళ్లు తాగి వెళ్లు.”

అతను నీళ్లు తాగి వెళ్లాడు. “ముసలివాళ్లకు వేసవిలోనూ చలేస్తుందేమో అనుకున్నానండీ,” అని తర్వాత నాతో తలవంచుకుని చెప్పాడు.

సరిచేశాడు కదా, చల్లబడుతుంది కదా అని బెరిల్ ఆ సాయంత్రమంతా కాచుకుంది. ఎవరినీ మళ్లీ పిలవలేదు. బుధవారం మధ్యాహ్నం క్లిఫర్డ్ ఆమెను తన అక్క పేరుతో పిలిచి, గనికి ఆలస్యమవుతోంది, కోటు ఇవ్వమన్నాడు. అప్పుడు ఆమె అంబులెన్సుకు ఫోను చేసింది.

సంస్థ వారి ఉత్తరం ఆ తర్వాతి సోమవారం వచ్చింది. పగలు తెరలు మూసి ఉంచుకోవలసిందిగా అద్దెదారులకు ముందే సూచించామని, తాపన వ్యవస్థను ఫిర్యాదు అందిన మరునాడే సరిచేశామని, అందుకు అద్దెదారు సంతకమే రుజువని అందులో ఉంది. తదుపరి తనిఖీ ఆగస్టు తొమ్మిదిన.

ఆసుపత్రి బెంచీ మీద ఆ ఉత్తరం రెండుసార్లు చదివి బెరిల్ మడిచి సంచిలో పెట్టుకుంది. “వాళ్లన్నదీ నిజమేగా. సంతకం నేనే పెట్టాను. చదవకుండా పెట్టాను.” బుధవారం నుంచీ కుర్చీలోనే నిద్రపోతున్న మనిషి. ఆమెకు వాదించే ఓపిక లేదు. నేను వాదించబోతే, “వదిలెయ్యమ్మా, ఆయన లేస్తాడు,” అంది.

సంస్థ డైరెక్టర్లారా, ఆ సంతకం దేనికి రుజువో స్పష్టంగా చెప్తాను. మీ మనిషి వచ్చాడని రుజువు. మర తిప్పాడని రుజువు. ఎటు తిప్పాడో ఆ కాగితంలో లేదు. తిప్పిన గుర్తు మీ తాళం వెనక ఇవాళ్టికీ అక్కడే ఉంది, గొట్టం ఇవాళ్టికీ కాగుతోంది. అద్దెకిచ్చిన ఇల్లు మనిషి బతకడానికి యోగ్యంగా ఉండాలన్న బాధ్యత మీది. తెరలది కాదు, ఆమెది అసలే కాదు. క్లిఫర్డ్‌ను శుక్రవారం ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పారు. ఆ గదికే పంపుతారు, అతనికి వేరే ఇల్లు లేదు. గురువారం సాయంత్రంలోగా ఆ బీరువా తెరిచి గొట్టం కట్టేయండి. కిటికీ మేకులు ఊడదీయండి. తప్పు ఆమెది కాదని మీ సంతకంతో ఆమెకు రాసివ్వండి.