ఓదెలన్న వెనక్కిచ్చిన దీపాలు

1966లో గోదావరిఖనిలోని ఒక గని ల్యాంపు రూములో నా డ్యూటీ. క్యాప్ ల్యాంపు అంటే టోపీకి తగిలించుకునే బ్యాటరీ దీపం. కార్మికుడు కిటికీలో టోకెన్ బిళ్ళ ఇస్తే, నేను దీపం ఇచ్చి బిళ్ళను బోర్డుకు తగిలించేవాణ్ణి. బిళ్ళ బోర్డు మీద ఉందంటే మనిషి ఇంకా గనిలోనే ఉన్నట్టు.

ఓదెలన్న గనిలో టబ్బుల్లో, అంటే పట్టాల మీద నడిచే తొట్టిబండ్లలో, బొగ్గు నింపేవాడు, యూనియన్ మనిషి. పేపర్లలో వచ్చిన రాకెట్ బొమ్మలన్నీ ఒక నోటుబుక్కులో అతికించుకుని, లైన్లో నిలబడ్డవాళ్లకు చూపించేవాడు. "మనిషి చంద్రుని మీదికి పోతడు, పోవాలె" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

"గా ముచ్చట మనకెందుకే అన్నా?" అన్నాను ఒకసారి.

"పైకి పోయేటోనికి గాలి జూసి, దీపం జూసి పంపుతరు తమ్మీ. కిందికి పోయేటోనికి ఎందుకు జూడరు?"

దీపం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందున ఎర్రగా వెలుగు కనపడితేనే తీసుకోవడం ఆయన అలవాటు. ఒక పొద్దుటి షిఫ్టులో నాలుగు దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. ఛార్జింగు సరిగా కాలేదని నాకూ తెలుసు. "ఉన్నవే ఇయ్యి" అని ఆఫీసరు అంటే ఇచ్చాను. ఓదెలన్న ఆ నాలుగింటినీ తోటివాళ్ల దగ్గర తీసుకొని నా ముందు పెట్టాడు. "ఇవి మారిస్తేనే దిగుతం" అన్నాడు. షిఫ్టంతా ఆగిపోయింది. గంటలో మంచి దీపాలు వచ్చాయి. అంటే లేక కాదు, ఇవ్వబుద్ధి కాక.

వారం తిరగకముందే ఆయనకు మతి సరిగా లేదని ఛార్జ్‌షీటు ఇచ్చారు. దానికి రుజువు ఆ రాకెట్ల నోటుబుక్కేనట! విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు.

"చంద్రుడి మీదికి పోతారని అన్నాడా?"

"అన్నడు సార్. కానీ గా రోజు దీపాలు..."

"అడిగినదానికే చెప్పు."

అంతవరకే రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆయన ఉద్యోగం ఊడింది. బిళ్ళ అప్పగించడానికి వచ్చిన రోజు, "నువ్వు అబద్ధం చెప్పలే తమ్మీ. దీపాల ముచ్చటే చెప్పలే" అన్నాడు.

1969లో మనిషి చంద్రుడి మీద దిగాడు. ఆ ఆఫీసరే ల్యాంపు రూముకు వచ్చి లడ్డూలు పంచాడు. 

"ఓదెలన్న ముందే చెప్పిండు గద సార్" అన్నాను.

"ఏ ఓదెలు?"

లడ్డూ కిటికీ మీదే పెట్టేశాను. అప్పటికి ఓదెలన్న రైల్వే సైడింగులో దినకూలీకి వ్యాగన్లలోకి బొగ్గు ఎత్తుతున్నాడు.

ఆ తర్వాత ఏ విచారణకు పిలిచినా, వాళ్లు అడగని మాట కూడా రాయించాకే సంతకం పెట్టాను. ఆ మొదటి సంతకాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.