చూడని నాటికకు రాసిన సమీక్ష

నరసరావుపేటలో డిగ్రీ చదివిన ఆ రోజుల్లో నా దగ్గర రెండే ఆస్తులుండేవి: వక్తృత్వ పోటీలో గెలిచిన కప్పు, మా బావ మీద అసూయ. ‘విచారించకుండా తీర్పు చెప్పడం అన్యాయం’ అని అనర్గళంగా మాట్లాడి ఆ కప్పు గెలిచాను. (చీటీలో ఆ పక్షం వచ్చింది కనుక!) ఆ నెలలోనే కాలేజీ వార్షికోత్సవానికి నేనూ, నా క్లాసులోనే ఉన్న మా మేనత్త కొడుకూ చెరొక నాటిక రాసిచ్చాం. తెలుగు మేడం వాడిది ఉంచుకుని నాది తిరిగిచ్చారు. పైగా, “గోడపత్రికకు సమీక్ష నువ్వే రాయి. పక్షపాతం లేనివాడివి” అన్నారు.

ప్రదర్శన శుక్రవారం సాయంత్రం. రిహార్సల్‌కు రమ్మని బావ పిలిస్తే, ముందే చూస్తే నిష్పాక్షికత చెడుతుందని సిద్ధాంతం చెప్పి, గురువారమే సమీక్ష ముగించాను: ‘రెండో రంగం సాగింది. తండ్రి పాత్ర మాట్లాడదు, ఉపన్యసిస్తుంది. కథానాయకుడి నటన పేలవం.’ దాన్ని అటెండరు బాబాయికిచ్చి, శనివారం పొద్దున్నే అంటించమని చెప్పి, ఆ చప్పట్లు వినలేక మాచర్ల బస్సెక్కి మా ఊరెళ్లిపోయాను. కథానాయకుడికి జ్వరమొచ్చి నాటిక వారం వాయిదా పడింది. బాబాయి మాత్రం మాట తప్పని మనిషి.

సోమవారం గోడ దగ్గర గుంపు. “ఏందిరా, దుప్పటి కప్పుకుని పడుకున్నోడి నటన పేలవమా? మూలగటం కూడా సరిగ్గా రాలేదంటావా?” అని ఒకటే నవ్వులు. అంతలో బావ వచ్చాడు. తగాదాకు మూడు వాదాలు సిద్ధం చేసుకున్నాను.

“ఒరే బావా, నా నాటిక మళ్లీ చదువుకున్నానురా. రెండో రంగం నిజంగానే చానా సాగింది. సగం కోసేశా” అన్నాడు వాడు.

“మరి తండ్రి ఉపన్యాసం?”

“అదీ తీసేశా. ఊరికే చుట్ట కాల్చుకుంటా కూర్చుంటాడు. చూడకుండా నీకెట్టా తెలిసిందిరా?”

మూడు వాదాలనూ మడిచి జేబులో పెట్టుకుని క్లాసుకు నడిచాను.

ఆ శుక్రవారం, ఏమీ మాట్లాడని ఆ తండ్రిని చూసి హాలంతా కళ్లు తుడుచుకుంది. బావ మైకు పట్టుకుని, “ఇదంతా మా బావ చలవే” అన్నాడు. మేనత్త నా తల నిమిరింది. తిట్టి ఉంటే అసూయ ఆ పూటతో చల్లారేదేమో. మెచ్చుకునేసరికి ఇంకా మండింది.

మొన్న పాత పుస్తకాలు సర్దుతుంటే, మేడం తిప్పి పంపిన నా నాటిక కనబడింది. రెండో రంగమే పద్నాలుగు పేజీలు. అందులో తండ్రి ఊపిరి తీసుకోకుండా నీతులు చెబుతున్నాడు. చదువుతూ ఒక్కడినే నవ్వుకున్నాను. నేను రాసిన సమీక్షలో అన్యాయమేమీ లేదు. నాటిక పేరొక్కటే తప్పు పడింది.