నెత్తళ్ళ ఇగురూ, బంగారు వాచీ

కిరండూల్ అప్పలకొండమ్మ ఒక్క గిన్నెడు నెత్తళ్ళ చేపల ఇగురుతో జగదల్‌పూర్‌లో వాచీల షోరూము షట్టరు దింపించింది. ఆ వాసనకి ఏసీ మిషను దగ్గి దగ్గి ఆగిపోయింది. అద్దాల బీరువాల్లోని ఫారిన్ గడియారాలు ముక్కు మూసుకుని గోడవైపు తిరిగాయి. మేనేజరు బంగారు వాచీని పళ్ళెంలో పెట్టుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు. నమ్మనివాళ్ళు గీదం బస్టాండులో ఎవర్నైనా అడగొచ్చు. అక్కడివాళ్ళు ఇంకో రెండు ముక్కలు కలిపి మరీ చెబుతారు.

వాచీ సంగతికొచ్చేముందు కోపం సంగతి చెప్పాలి. వాచీ కొత్తది గానీ కోపం పాతది. శ్రీకాకుళం వైపునుంచి కొత్తపెళ్ళికూతురుగా ఈ ఇనపకొండల కిందికి వచ్చిన నాటినుంచీ అప్పలకొండమ్మ గని కూలీలకి హోటలు నడుపుతూ, గని సైరను కూసినట్టల్లా ఆడింది. మొదటి షిఫ్టు సైరనుకి ముందే ఇడ్లీ దిగిపోవాలి. రెండో షిఫ్టు సైరనుకి కేరేజీలు కట్టి ఉండాలి. బ్లాస్టింగు సైరనైతే అరలమీది గిన్నెలు రెండు చేతులా పట్టుకు నిలబడాలి. మనిషికి జ్వరమొస్తుంది, సైరనుకి రాదు. కూతురు దేవిశ్రీ పుట్టినరోజున, నొప్పుల మధ్యలో, "సైరనయిపోనాదా? సెట్నీ ఎవులు రుబ్బుతున్నారు?" అని అరిచిందంటే మంత్రసాని బిడ్డని వదిలేసి రోటిదగ్గరికి పరిగెత్తిందట.

నగర్‌నార్ దారిలో ఎప్పుడో చవగ్గా కొని మేకలకి వదిలేసిన బీడు, ఉక్కు కర్మాగారం వచ్చాక బంగారమై కూర్చుంది. అమ్మేసింది. దేవిశ్రీ వాటా దేవిశ్రీకి ఇచ్చేసింది. మిగతా దాంతో కాసులపేరు చేయించుకుంటుందని ఒకరూ, వడ్డాణమని ఒకరూ పందేలు కాసుకున్నారు. అప్పలకొండమ్మ "వాచీ" అంది. బంగారు వాచీ, పేరున్నది, పెద్దమనుషులు పెట్టుకునేది. మరి తెరవకుండా హోటలు మూసేసే రోజున అది తన చేతికి ఉండాలి. ఆ తర్వాత సైరను ఎంత కూసినా కొండకి చెప్పుకోవాలి గానీ తనకి కాదు.

"ఈ వయసులో వాచీ ఏటే? సావు టయిము సూసుకోడానికా?" అని పక్కింటావిడ నవ్వింది.

"అవునే, నీది," అంది అప్పలకొండమ్మ.

జగదల్‌పూర్ షోరూము మేనేజరు అవినాష్. కిరండూల్ పక్కనే బచేలీ కాలనీలో పెరిగిన తెలుగు కుర్రాడే, కానీ కోటు తొడుక్కోగానే తెలుగు గొంతులో ఇరుక్కుపోతుంది కాబోలు, ముందు హిందీలోనే పలకరించాడు. ఆడవాళ్ళ వాచీ చూపించాడు. గోరంత ఉంది.

"ఇందులో టయిము సూడాలంటే సీమని అడగాల. ఆ పెద్దది తీయి."

"అది జెంట్స్‌ది ఆంటీ. సార్‌కా?"

"సెయ్యి నాది కాదేటి?"

తీశాడు. ఆమె అరచేతిలో ఆడించి చూసింది. "ఎన్ని తులాలు? తరుగెంత?"

అవినాష్ నవ్వు దాచుకోలేదు. "ఆంటీ, దీన్ని తూకానికి అమ్మరు. ఇది బ్రాండ్."

"బంగారమే కదా?"

"బంగారమే."

"మరి బంగారమైతే తూకముంటాది. తూకం సెప్పలేనోడివి అమ్మడమెందుకు?"

పక్కనున్న సేల్సు పిల్లలు కిసుక్కుమన్నారు. "అయినా కిరండూల్లో సైరనుంది కదా, మీకు వాచీతో పనేముంది ఆంటీ?" అన్నాడు అవినాష్. ఆ మాట ఆమె చెవిలోకి వెళ్ళి అక్కడే పొయ్యి పెట్టుకుంది. అయినా పళ్ళు బిగబట్టి, అలాంటిదే తనకొకటి తెప్పించమని మొత్తం సొమ్ము కట్టి వచ్చింది. నెలలు గడిచాక, వచ్చి తీసుకెళ్ళమని ఫోనొచ్చింది. అన్నమూ, నెత్తళ్ళ ఇగురూ, మజ్జిగా కేరేజీలో సర్దుకుని, దేవిశ్రీని వెంటబెట్టుకుని తొలిబస్సు ఎక్కింది.

షోరూములో వాచీ పెట్టె బల్లమీదే ఉంది. అవినాష్ దానిమీద చెయ్యి వేసి ఉంచాడు.

"సారీ ఆంటీ. నిన్న ఒక కాంట్రాక్టరుగారు చూసి ముచ్చటపడ్డారు. మాకు పాత కస్టమరు. ఆయన మనిషి ఇప్పుడే వస్తున్నాడు. మీకు ఇంకోటి తెప్పిస్తాం. మీకు తొందరేముంది?"

అప్పలకొండమ్మకి ఒళ్ళంతా సైరను మోగింది. తొందరేముందా? ఇన్నేళ్ళూ నిద్రలోంచి లేపి పరిగెత్తించినవాళ్ళలో ఒక్కడైనా ఆ మాట అడిగాడా? ఇవాళ తన సొమ్ముతో కొన్న టయిము తీసుకోవడానికొస్తే, ఇప్పుడా తొందరలేనిది?

"నా పేరున తెప్పించినావు. నా సొమ్ము నువ్వు తిన్నావు. నా వాచీ ఇంకోడికా? నీ పెళ్ళికి కుదిర్చిన పిల్లని పాత కస్టమరు ముచ్చటపడితే పంపించేస్తావురా?"

"ఆంటీ, మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదా? దాని తూకమైనా సెప్పగలవా?"

గుమ్మానికి ఎదురుగా, తివాచీమీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. దేవిశ్రీ ముఖం కందిపోయింది. "అమ్మా, లే. అందరూ చూస్తున్నారు."

"సూడనీ. టిక్కట్టు నేదు."

అవినాష్ గార్డుని కేకేశాడు. గార్డు జోగి గీదం దగ్గరి పల్లెవాడు. అతను వచ్చేసరికి కేరేజీ మూత లేచింది. నెత్తళ్ళ ఇగురు ఏసీ గాలినెక్కి షోరూమంతా ఊరేగింది. అత్తరు సీసాల వాసన తోకముడిచింది. అప్పలకొండమ్మ ముద్ద కలిపింది.

కిరండూల్ తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక విషయం చెప్పనక్కర్లేదు. గని గేటు దగ్గర ధర్నా జరిగితే కేరేజీలు అప్పలకొండమ్మ హోటలునుంచే వెళ్ళేవి. లాఠీలు పట్టుకొచ్చినవాళ్ళు కూడా, తింటున్నవాళ్ళు చెయ్యి కడుక్కునేదాకా చెట్టుకింద నిలబడేవారు. కంచం ముందునుంచి మనిషిని లేపిన పాపం మోయడానికి ఎవడికీ భుజాలు చాలవు.

"ఉఠావ్!" అన్నాడు అవినాష్.

జోగి కర్ర గోడకి ఆనించేశాడు. "తినేవాళ్ళని లేపితే మా ఇంట్లో పొయ్యి రాజుకోదు సాబ్. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. తిననివ్వండి."

ఆమె తింది. ఒక్కో చేపా తలతోసహా నమిలి, తొందర లేకుండా తింది. కారు దిగిన దంపతులు తలుపు తీసి, గాలి పీల్చి, అలాగే మూసేశారు. వాళ్ళ వెనకే కాంట్రాక్టరు మనిషి జేబురుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని వచ్చాడు.

"నా వాచీకి వచ్చినోడివి నువ్వేనా?" అంది అప్పలకొండమ్మ ముద్ద చేత్తోనే. "సొమ్ము కట్టిందాన్ని నేను. కూకో. నువ్వూ ఓ ముద్ద తిను. తిన్నాక దెబ్బలాడుకుందాం."

అతను ఆమెని చూశాడు, పెట్టెని చూశాడు, బయటికెళ్ళి ఫోనులో గొణిగాడు. "ఆడమనిషి ముందే కట్టిందట సాబ్... అవును, కిందే కూర్చుంది... వద్దులెండి, వేరేది చూద్దాం." మళ్ళీ లోపలికి రాలేదు.

అవినాష్ పెట్టె తీసుకొచ్చి ఆమె ముందు వంగాడు. "తీసుకోండి ఆంటీ. దయచేసి లేవండి."

"సెయ్యి ఎంగిలి. ఆగు." మజ్జిగ పోసుకుంది. కలుపుకుంది. అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆమె తలెత్తి చూసింది. "నీకు తొందరేముంది?"

చెయ్యి కడుక్కున్నాక కూడా కోపం చల్లారలేదు. పక్కవీధి కంసాలినుంచి త్రాసు తెప్పించి, వాచీని దానిమీద పెట్టించి, తూకం అవినాష్ నోటితోనే పైకి చదివించి, అప్పుడు పెట్టుకుంది. తిరుగుబస్సులో గీదం దాటేదాకా కూతురితో కూడా మాట్లాడలేదు.

హోటలు మూసేసే రోజున ఊరంతా వచ్చింది. అప్పటికే కథ కాళ్ళూ చేతులూ మొలిపించుకుని ఊరేగుతోంది. ఒకడు షట్టరు దింపించాడు, ఒకడు ఏసీని చంపేశాడు, ఒకడు మేనేజరుని కాళ్ళమీద పడేశాడు. కొండమీద సైరను కూసింది. అలవాటుకొద్దీ అందరూ లేచారు. అప్పలకొండమ్మ లేవలేదు. మణికట్టు తిప్పి తన టయిము చూసుకుంది. కనుబొమలు ఇంకా ముడిపడే ఉన్నాయి.

"షట్టరెవుడూ దించనేదు," అంది. "ఏసీ బాగానే తిరిగింది. పొద్దున్నే బయలెల్లినాను, ఆకలేసింది, తిన్నాను. వాచీ నాది, ఇచ్చినారు."