నాయిన పేరు మీద ఏడు కాపీలు

ఆ రోజుల్లో నాకు తెలిసింది ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేవాణ్ణి. బాన్సువాడలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్ పని దొరికి రెండు నెలలైనా కాలేదు, వైరస్‌లు పట్టి మూలుగుతున్న వాళ్ల పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాను (ఎవరూ అడగలేదు). లోపలి గదిలో కూర్చునే, బయట కౌంటర్ మీదున్న ప్రింటర్‌లో రిపోర్టులు తీసి చూపిస్తానని ఓనర్‌కు మాటిచ్చాను. నెట్‌వర్క్‌లో ప్రింటర్ పేరు కనిపించింది. ఇక కావలసింది ఒక నమూనా రిపోర్టు. ప్రమాదకరమైన అంకెలు లావుగా పడతాయో లేదో చూడాలి కాబట్టి క్రియాటినిన్ పదకొండు అని కొట్టాను, కిడ్నీలు పాడైనవాళ్లకు వచ్చే అంకె. పేషెంటు పేరు దగ్గర ఏమీ తోచక మా నాయిన పేరు, వయసు, ఊరు రాశాను.

ప్రింట్ నొక్కాను, రాలేదు. ఏడుసార్లు నొక్కి, లైనక్స్ చేసినవాళ్లందరినీ తిట్టుకుని అన్నానికి పోయాను. అసలు సంగతి, ఈలోగా ప్రింటర్ ప్లగ్గు ఊడిపోయింది. నేను పంపిన ఏడూ వరుసలో బుద్ధిగా కాచుకుని కూర్చున్నాయి.

తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర కూర్చునే అక్క ఎదురొచ్చింది. "ప్లగ్గు పెట్టంగనే మీ నాయిన రిపోర్టులొచ్చినయ్ తమ్మీ. మీ ఊరి ఆటో ఉండె, కవర్ల పెట్టి పంపిన. ఫికర్ జెయ్యకు, ఇప్పుడు మంచి మందులున్నయ్." (ఊళ్లకు రిపోర్టులు ఆటోల్లో పంపడం మా దగ్గర రోజూ ఉండేదే.) ఫోన్ చేస్తే నాయిన ఎత్తలేదు. మహమ్మద్ నగర్ అవతలున్న మా ఊరికి బండి ఎట్లా నడిపానో గుర్తులేదు.

ఇంటి ముందు నిండా చెప్పులు. ఊరి ఆర్ఎంపీ కాగితం చదివి రెండు కిడ్నీలూ పోయాయని తేల్చేశాడట. అమ్మకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాయిన మాత్రం గడ్డం గీసుకుని, ఉతికిన ధోతి కట్టుకుని మంచం మీద కూర్చుని, ఏ మడికి నీళ్లు ఎట్లా పెట్టాలో మా అక్క మొగుడికి చెప్తున్నాడు. "ఒక్క కాయితమైతే ఏమో అనుకుందుము. ఏడు పంపిండ్రంటే ముచ్చట ఖరాబే ఉన్నది," అంటున్నాడు.

జరిగిందంతా చెప్పాను. బావ, "ఊర్ల గింతమంది ఉండంగ నీకు మీ నాయిన పేరే దొరికిందా?" అన్నాడు. అమ్మ నా వీపు మీద రెండు చరిచి మళ్లీ ఏడుపు అందుకుంది. సిగ్గుతో చచ్చిపోతూ నేనే నాయిన మీద ఎగిరాను. "నువ్వు రక్తమే ఇయ్యలే గద, ఎట్ల నమ్మినవ్?"

నాయిన కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. "నిరుడు జరమొచ్చినప్పుడు ఇచ్చిన గద. గదేనేమో, ఎదురుంగ చెప్పనీకి నోరు రాక పంపినవేమో అనుకున్న. నువ్వు జేసిన పని తప్పు పోతదా బిడ్డా?"

నా పనితనం మీద నమ్మకంతో ఒక మనిషి చావడానికి సిద్ధపడ్డాడు. అంత గొప్ప సర్టిఫికెట్ నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. తల్చుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను, ఆయన ఎదుట మాత్రం కాదు.