చిలకల బోనుకు నిప్పు పెట్టిన పిన్ని

జూలోని పక్షులశాలలో చిలకల్ని సాకే ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు. ఆవిడ ఉఫ్ అని ఊదితే చాలు, చిలకల మెదడులోని పురుగులు మూటాముల్లె సర్దుకుని పరారు! నమ్మరా? అయితే వినండి.

రకూన్ అనే నక్కంత జంతువు ఖాళీ చేసిన బోనును కడిగి, కొత్త చిలకల్ని అందులో పెట్టారు. కొన్నాళ్లకు ఒక చిలక మెడ వంకరపోయి, గింగిరాలు తిరిగి తిరిగి చచ్చిపోయింది. పశువుల డాక్టరు దాని మెదడు కోసి చూసి పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, ఇది రకూన్ పెంటలో ఉండే పురుగు! దాని గుడ్లు సబ్బుకీ ఫినాయిలుకీ చావవు, నిప్పుకే చస్తాయి. మెదడుకెక్కితే ఇక మందు లేదు."

"మరి ఇంకా నిలబడ్డావేంటి బాబూ? మిగతావాటిని పట్టు!"

చిలకలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, ఒక్కొక్కదాన్నీ ఒడిసిపట్టి వేరే గదికి చేర్చింది. వెల్డింగువాడి మంటగొట్టం లాక్కొచ్చి ఇనుప బోనును మూలమూలా ఎర్రగా కాల్చింది. ఆ మంటకు పై ఆఫీసరు గోడ దూకి పారిపోయాడట! వారాలు గడిచినా మిగతా చిలకల్లో ఒక్కదాని మెడా వంగలేదు. అంతా పిన్ని మహిమే అన్నారు.

పిన్ని మాత్రం నీళ్ల గిన్నెలు తోముతూ అంది: "మహిమా లేదు, మన్నూ లేదు. పురుగు గుడ్లు తిన్నది చచ్చింది. మిగతావి తినకముందే తీశాం."